బంగారుతీగకి ప్రవేశం లేదు

కెనడా వచ్చిన తెలుగు తల్లిదండ్రులకి నయాగరా తప్పదు. దిగిన రెండో శనివారమే తీసుకెళ్తారు, ప్లాస్టిక్ రెయిన్‌కోటు తొడిగి పడవెక్కిస్తారు, ఇంటికి చేరేలోపే ఫోటోలు ఊళ్ళో వాట్సాప్ గ్రూపులకి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత మిగిలేది మిస్సిసాగా ఇంట్లో కిటికీ, హీటరు చప్పుడు, సాయంత్రం పిల్లలు ఎప్పుడొస్తారా అని ఎదురుచూడటం. మే నెలలో కూడా స్వెట్టర్ విప్పనివ్వని దేశం ఇది. నా విసుగు ముఖంలో కనపడిందేమో, ఓ శుక్రవారం రాత్రి అల్లుడు "మావయ్యగారూ, రేపు హామిల్టన్ వెళ్దామా? అక్కడ సరస్సు పక్కన ఒక చిత్తడి నేల ఉంది. గేటు దగ్గర చేపల్ని పట్టి ఏరుతారట" అన్నాడు.

చేపల్ని ఏరడం చూడటానికి కైకలూరు నుంచి ఇంత దూరం రావాలా అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అయినా బయల్దేరాం. అమ్మాయికి డ్యూటీ ఉంది కాబట్టి మేమిద్దరం, అల్లుడు, మనవరాలు.

శని, ఆదివారాల్లో గో రైలుకి పది డాలర్ల పాస్ ఉంది, రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు. పన్నెండేళ్ళ దాకా పిల్లలకి అసలు టికెట్టే లేదు. అంటే మా ముగ్గురికీ ముప్ఫై డాలర్లు, మన డబ్బులో పద్దెనిమిది వందల పైమాటే. ఈ లెక్క నేను వేయకూడదని అమ్మాయి చాలాసార్లు చెప్పింది. కానీ అలవాటు పోదు. రైలు మాత్రం చల్లగా, ఖాళీగా, రెండంతస్తులతో బావుంది. మనవరాలు పై అంతస్తే కావాలంది.

వెస్ట్ హార్బర్ స్టేషన్లో దిగి పల్లంవైపు నడిస్తే బేఫ్రంట్ పార్కు వస్తుంది. పచ్చిక, పడవలు, కుక్కల్ని తిప్పేవాళ్ళు. ఇదంతా ఒకప్పుడు చెత్త పోసి పూడ్చిన జాగా అని, 1993లో పార్కు చేశారని అల్లుడు చెబితే నమ్మబుద్ధి కాలేదు. అవతలి ఒడ్డున ఉక్కు ఫ్యాక్టరీల గొట్టాలు కనపడగానే నమ్మకం కుదిరింది. ఆ ఫ్యాక్టరీల పక్కన రాండిల్ రీఫ్ అనే చోట నీటి అడుగున తారు కలిసిన బురద దశాబ్దాలుగా పేరుకుపోయింది. గ్రేట్ లేక్స్‌కి కెనడా వైపున్న కలుషిత బురద ప్రదేశాల్లో అదే అన్నిటికన్నా పెద్దది. తవ్వి తీసుకుపోయే మార్గం లేక, చుట్టూ ఉక్కు గోడలు దించి పెద్ద పెట్టెలా కట్టి, ఆ బురదని అందులోనే మూసేశారు. ఖర్చు 13.9 కోట్ల డాలర్లు. దీన్ని నేను రూపాయల్లోకి మార్చలేదు.

ఒంటారియో సరస్సు ఒడ్డున జనం నడవటానికి, సైకిలు తొక్కటానికి ఇలాంటి దారులు చాలా ఉన్నాయి. టొరంటో మాజీ మేయర్ డేవిడ్ క్రాంబీ అధ్యక్షుడిగా ఉన్న రాయల్ కమిషన్ 1992లో ఇచ్చిన నివేదిక నుంచి వాటర్‌ఫ్రంట్ ట్రయిల్ పుట్టింది. 1995లో హామిల్టన్ నుంచి ట్రెంటన్ దాకా 350 కిలోమీటర్లతో మొదలై, ఇప్పుడు మిగతా సరస్సులకి కూడా పాకి మూడు వేల కిలోమీటర్లు దాటింది. జనం వచ్చి చూస్తేనే ఒడ్డు గురించి పట్టించుకుంటారన్నది వాళ్ళ లెక్క. లెక్క బాగానే ఉంది కానీ, చూడటానికి వచ్చినవాళ్ళలో సగం మంది సైకిళ్ళ మీద వెనకనుంచి గంట కొట్టి మమ్మల్ని పక్కకి తోలేవాళ్ళే. మేం నడిచింది హామిల్టన్ రేవు వెంబడి, అల్లుడు చెప్పిన చిత్తడి నేల కూట్స్ పారడైజ్ దాకా వెళ్ళే ముక్క. ఓ చోట ఐస్‌క్రీమ్ బండి కనపడింది. ఒక కోను ఏడు డాలర్లు. మనవరాలికి ఒకటి కొని, మేం ముగ్గురం తలో ముక్క కొరికాం.

జమ్ము మొదలైనచోట మా ఆవిడ మీద దాడి జరిగింది. నల్లటి పిట్ట, భుజం మీద ఎర్ర మచ్చ, దాని కింద పసుపు గీత, చూడటానికి ముద్దుగానే ఉంది. రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్ అట. వెనకనుంచి వచ్చి నెత్తి మీద టపీమని తన్ని, మళ్ళీ జమ్ము కంకె మీద కూర్చుని కేకలేసింది. గూడు పెట్టే కాలంలో మగపిట్టలు మనుషుల్ని ఇలాగే తరుముతాయని, దాని వైపు చూస్తూ నడిస్తే వెనకనుంచి రాదని అటుగా వెళ్తున్న ఒక పెద్దాయన చెప్పాడు. దాంతో మా ఆవిడ ఓ వంద గజాలు వెనక్కి నడిచింది. నేను నవ్వితే నా టోపీ మీదా పడింది.

చేపల్ని ఏరే ఆ గేటు, అంటే ఫిష్‌వే, దగ్గరికి వెళ్ళేసరికి అప్పటికే ఓ ఇరవై మంది గట్టుకి ఆనుకుని ఉన్నారు. డెజార్డిన్స్ కాలవ అని 1837లో పడవల కోసం తెరిచిన పాత కాలవ ఒకటి రేవుకీ చిత్తడికీ మధ్య ఉంది. దానికి అడ్డంగా ఇనప కట్టడం. కడ్డీల మధ్య సందు ఐదు సెంటీమీటర్లు. చిన్న చేపలు వాటంతట అవే దూరిపోతాయి. పెద్దవి దారి వెతుక్కుంటూ పక్కనున్న బోనుల్లోకి చేరతాయి. వసంతంలో గుడ్లు పెట్టటానికి రేవులో చేపలన్నీ లోపలికి రావాలని చూస్తాయి. మేం వెళ్ళింది సరిగ్గా ఆ అదనులోనే.

మర చప్పుడుతో బోను పైకి లేచింది. నీళ్ళు ధారలు కట్టి కారిపోయి లోపల దబదబమని కొట్టుకుంటుంటే నాకు మా ఊరి చెరువు గట్టు, తెల్లారుజామున వల లాగే రోజు కళ్ళముందు మెదిలాయి. ఛాతీ దాకా రబ్బరు ప్యాంటు వేసుకున్న ఒక అమ్మాయి చేపల్ని ఒక్కొక్కటే చూసి, పేరు పైకి చెప్పి, కాగితం మీద గీత పెట్టి, ఇటో అటో వదులుతోంది. మూతి పొడుగు పైక్, చిత్తడి వైపు. మీసాల బుల్‌హెడ్, చిత్తడి వైపు. తర్వాత వచ్చినదాన్ని చూసి నేను పైకే "కొర్రమేను!" అనేశాను. గుండ్రటి ఒళ్ళు, వెన్ను పొడవునా ఒకటే రెక్క, పాముతల, అచ్చం అదే. అల్లుడు అడిగితే ఆ అమ్మాయి ఇది బోఫిన్ అంది, ఇక్కడి పాతకాలపు చేప, తోక మొదట్లో నల్లచుక్క ఉంటే మగది. కొర్రమేనులాగే పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. కొర్రమేను జాతిని ప్రాణంతో దగ్గర పెట్టుకోవటం ఒంటారియోలో నేరమని కూడా చెప్పింది. మన దగ్గర కిలో ఎంత పలుకుతుందో చెప్పమని అల్లుడిని అడిగాను, వాడు చెప్పలేదు.

ఆ తర్వాత పడింది బంగారుతీగ, ఇక్కడివాళ్ళ కార్ప్. చేతికి నిండుగా, పెద్ద పొలుసులు, పది కిలోలకి తక్కువ ఉండదు. మా వాళ్ళయితే ఎత్తి ఫోటో దిగేవాళ్ళు. ఆ అమ్మాయి పేరు చెప్పి, గీత పెట్టి, వెనక్కి రేవులోకి తోసేసింది. ఇంకోటి, అదీ వెనక్కే.

"పియర్సన్ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటరే మావయ్యా ఇది" అన్నాడు అల్లుడు. గారు కూడా మర్చిపోయాడు నవ్వులో పడి.

విషయం నవ్వులాట కాదు. ఈ చేపని 1800ల చివర్లో తిండి కోసం యూరప్ నుంచి తెచ్చి వదిలారు. అది అడుగు బురదలో మూతి పెట్టి తవ్వి మేస్తుంది. మొక్కల వేళ్ళు లేచిపోతాయి, నీళ్ళు ఎప్పుడూ మడ్డిగా ఉంటాయి, వెలుతురు దిగదు, మొలకలు రావు. దానికి మురుగు, ఎరువులు తోడై 1985 నాటికి కూట్స్ పారడైజ్‌లో మొక్కలు 85 శాతం పోయాయి. మొక్కలు పోతే చేపపిల్లలు దాక్కోవటానికి చోటుండదు, బాతులకి తిండుండదు. ఇక్కడి రాయల్ బొటానికల్ గార్డెన్స్ వాళ్ళు ఆలోచించి, సరస్సులో బంగారుతీగ లేకుండా చేయటం ఎవరివల్లా కాదు కాబట్టి గుమ్మం దగ్గరే ఆపుదామని ఈ ఫిష్‌వే కట్టారు. 1997 నుంచి నడుస్తోంది. లోపల వాటి సంఖ్య 95 శాతం తగ్గింది. పక్కనే గ్రైండ్‌స్టోన్ వాగు దగ్గర అయితే జనం క్రిస్మస్ అయ్యాక పారేసిన చెట్లని పోగేసి, గట్లుగా పేర్చి, చేపకి అడ్డం కడతారట. ఆ మాట విన్నాక మా ఆవిడకి కూడా ఆసక్తి పుట్టింది.

నాకు పట్టింది వేరే సంగతి. కొల్లేరుని కాపాడటమంటే మాకు తెలిసింది నీటి ఎత్తుని బట్టి సరస్సుకి హద్దు గీసే గీతలు. ఐదో కాంటూరు, మూడో కాంటూరు. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా, రామ్‌సర్‌లో చేరింది. 2006లో పొక్లెయిన్లు వచ్చి చెరువుగట్లు తెంచాయి. మా బావమరిది వాటా ఉన్న చెరువు కూడా ఆ రోజుల్లోనే పోయింది, వాడు నెలరోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. కొన్నాళ్ళకి గట్లు మళ్ళీ లేచాయి, మళ్ళీ కోర్టులు. ఒక ఏడాది యుద్ధం, పదేళ్ళు నిద్ర. ఇక్కడ యుద్ధం కనపడలేదు. ఇరవై ఏళ్ళ పైబడి, ప్రతి వసంతంలో ఎవరో ఒకరు బోను పైకెత్తి, చేపని చేత్తో పట్టుకుని, ఇది లోపలికి, ఇది బయటికి అంటూనే ఉన్నారు. ఇంకా ఎన్నాళ్ళు చేస్తారని అడిగించాను. సరస్సులో కార్ప్ ఉన్నన్నాళ్ళూ అంది ఆ అమ్మాయి, మామూలుగా. నాకైతే ఇంత డబ్బున్న దేశంలో ఇంతకన్నా గొప్ప ఉపాయం ఉండదా అనిపించింది. తర్వాత ఇదే గొప్పదేమో అని కూడా అనిపించింది. మా దగ్గర ఇలాంటి ఉద్యోగం ఒకటి పెడితే, బంగారుతీగ వెనక్కి వెళ్ళేది కాదు, పక్కనున్న బుట్టలోకి వెళ్ళేది. నేనే ఆ అమ్మాయిని అడిగించాను, వీటిని తినరా అని.

వీళ్ళకీ అన్నీ సవ్యంగా లేవు. సెయింట్ లారెన్స్ నది మీద 1958లో డ్యామ్ తెరిచాక ఒంటారియో సరస్సు మట్టం మనుషుల చేతిలోకి వచ్చింది. పడవలకి, కరెంటుకి, ఒడ్డున ఇళ్ళకి వీలుగా హెచ్చుతగ్గులు తగ్గించారు. నీరు బాగా తీసిన ఏడాదే మొలిచే గడ్డిజాతులకి ఆ అవకాశం పోయి జమ్ము ఒక్కటే కమ్మేసింది. దాన్ని సరిచేయటానికి ప్లాన్ 2014 అని కొత్త పద్ధతి పెట్టారు, అమల్లోకి వచ్చింది 2017 జనవరిలో. ఆ వసంతంలోనే కుండపోత వానలు, రికార్డు వరద. ఒడ్డున ఇళ్ళున్నవాళ్ళు ప్లాన్‌ని తిట్టిపోశారు. ఫిష్‌వే అడ్డు మీదనుంచే నీళ్ళు పారి బంగారుతీగలు దర్జాగా లోపలికి వచ్చేశాయి. 2019లో నీళ్ళు ఇంకా పైకి వచ్చాయి. అంతకన్నా ఘోరం, 2014 నుంచి 2018 దాకా ఊరి మురుగుట్యాంకు గేటు ఒకటి కొంచెం తెరుచుకుని ఉండిపోయి 2,400 కోట్ల లీటర్ల మురుగు, వాననీరు కలిసి చెడోక్ వాగు గుండా ఈ చిత్తడిలోకే వచ్చింది. ఎంత వచ్చిందో జనానికి తెలిసింది 2019 చివర్లో, పత్రికల వల్ల. ఆ అమ్మాయి లాంటివాళ్ళు పైన ఒక్కో చేపనీ లెక్కపెడుతుంటే కింద ఇది జరుగుతోందన్నమాట. ఈ మాట విన్నప్పుడు మాత్రం నాకు ఊళ్ళో ఉన్నట్టే అనిపించింది.

ప్రిన్సెస్ పాయింట్ దగ్గర బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి, ఓ పెద్ద బూడిదరంగు కొంగ కదలకుండా నిలబడింది. 2013లో ఈ చిత్తడిలో తెల్లతల గద్దలు పిల్లల్ని చేశాయి, ఒంటారియో సరస్సు కెనడా ఒడ్డున దశాబ్దాల తర్వాత అదే మొదలు. మాకు గద్ద కనపడలేదు. కనపడింది కిక్కిస. మా కొల్లేట్లో పాకలకీ దడులకీ కోసుకునే గడ్డికి యూరప్ చుట్టం, మనిషికి రెండింతల ఎత్తు. ఇక్కడ దాన్ని ఫ్రాగ్‌మైటిస్ అంటారు, ఎలా వదిలించుకోవాలా అని చూస్తారు. ఒక్కటి లంకకి తీసుకెళ్తే మా వాళ్ళు ముచ్చటపడి గుడిసె వేసేవాళ్ళు.

తిరుగురైలు మా కళ్ళముందే కదిలిపోయింది. స్టేషన్లో కూర్చుని ఉండగా అల్లుడు వచ్చే శనివారం ఒషావాలో సెకండ్ మార్ష్ అనే ఇంకో చిత్తడికి వెళ్దామన్నాడు. నెత్తిన తన్నే పిట్టలు లేకపోతేనే వస్తానంది మా ఆవిడ. జమ్మున్న ప్రతిచోటా అవి ఉంటాయని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఏమీ అనకుండా రైలు దిగాక పక్కనున్న కొట్లో ఆవిడకో గొడుగు కొన్నాం. పద్దెనిమిది డాలర్లు.