మెట్రో గల్లీలో ఒక పూట

విశాఖలో ఎక్కిన మెయిలు నన్ను కోల్‌కతా పక్కనున్న హౌరాలో ఇంకా చీకటి ఉండగానే దింపేసింది. స్టేషను బయట పసుపు ట్యాక్సీ అతను, నది దాటితే కోల్‌కతా నడిబొడ్డున ఉండే ఎస్ప్లనేడుకు 400 రూపాయలు అడిగి ఒక్క రూపాయి కూడా తగ్గనన్నాడు. మన ఊళ్లో ఆటోవాళ్ల మీద నేను పడే బాధంతా ఆ క్షణంలో చిన్నదైపోయింది. తిరిగి లోపలికి వెళ్లి, మట్టి కప్పుల్లో రెండు టీలు తాగి, మెట్రో రైలు స్టేషను తలుపులు తెరిచేదాకా ఆగాను. 2024 మార్చిలో మొదలైన ఆ దారిలో టికెట్టు 10 రూపాయలే. హుగ్లీ నది అడుగున 520 మీటర్ల దూరాన్ని ముక్కాలు నిమిషంలో దాటేస్తుంది. సొరంగంలో నీలి దీపాలు కనబడగానే పెట్టె అంతా ఫోన్లు పైకెత్తింది. నా దగ్గరా ఒక కెమెరా ఉంది కానీ దానికి లెన్సు లేదు, నేను వచ్చిందే దానికోసం.

ఆ కెమెరా మా నాన్నగారి పెంటాక్స్ కె-1000. 1976 నుంచి 1997 దాకా తయారైన మోడల్ కనుక ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతాయి, బాగుచేసేవాళ్లూ ఉన్నారు. దానితో వచ్చిన 50 మిల్లీమీటర్ల లెన్సును మాత్రం సముద్రపు గాలి తినేసింది. నాన్నగారు దాన్ని తోలు సంచీలో, నాఫ్తలీన్ ఉండల మధ్య, బీరువాలో పదిహేనేళ్లు భద్రంగా దాచారు. ఆ తోలే తేమను పట్టి ఉంచింది, నాఫ్తలీన్ ఫంగస్‌ను ఆపలేకపోయింది. గాజు లోపల మర్రి ఊడల్లా పాకిన తెల్లని పోగులను చూసినప్పుడు ఆయన ఏమీ అనలేదు, మూత పెట్టి నా చేతికి ఇచ్చేశారు. చిన్నప్పుడు ఆర్కే బీచ్‌లో మమ్మల్ని నిలబెట్టి లెన్సులోకి వచ్చే వెలుగును తగ్గించే, పెంచే రింగును ఎఫ్ 8 అంకె దగ్గర ఆపి, "కదలకండి" అనే ఆయన గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

దుకాణాలు తెరిచేసరికి పదకొండు దాటుతుందన్నారు. అందాకా డేకర్స్ లేన్‌లో బల్ల మీద కూర్చుని, మిరియాల ఘాటున్న పల్చని చికెన్ స్టూలో కాల్చిన బ్రెడ్డు ముంచుకు తిన్నాను. మన కారానికి అలవాటుపడిన నాలుకకు అది మొదట ఆసుపత్రి భోజనంలా అనిపించినా, గిన్నె ఖాళీ అయ్యాక ఇంకొకటి చెప్పకుండా ఉండలేకపోయాను.

మెట్రో సినిమా హాలు పక్కనున్న సందే మెట్రో గల్లీ, కెమెరాలవాళ్లకు కోఠీ లాంటిది. నేను ముందే నిర్ణయించుకుని వచ్చాను: పెంటాక్స్-ఎం 40 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8. 18 మిల్లీమీటర్ల మందం, 110 గ్రాముల బరువు ఉండే ఆ పలుచని లెన్సు అప్పడంలా కెమెరాకు అతుక్కుని ఉంటుందనీ, సంచీలో వేసుకుని రోజూ తిప్పవచ్చుననీ నెలల తరబడి ఊహించుకున్నాను. మొదటి దుకాణంలో అది లేదు. దానికి బదులు కోనికా హెక్సనాన్ 40 మిల్లీమీటర్ల లెన్సు చూపించి, అడాప్టరు (జత కుదిర్చే రింగు) పెడితే సరిపోతుందని దుకాణదారు గట్టిగా నమ్మబలికాడు. కోనికాలో లెన్సు బిగించే అంచుకూ ఫిల్ముకూ మధ్య దూరం 40.5 మిల్లీమీటర్లు, పెంటాక్స్‌లో 45.46. ఆ లెన్సును ముందుకు జరపగలమే తప్ప ఐదు మిల్లీమీటర్లు వెనక్కి నొక్కలేము కాబట్టి, దూరంగా ఉన్నదేదీ దానితో స్పష్టంగా పడదు. ఈ సంగతి తెలియని కుర్రవాడెవరైనా డబ్బు పెట్టి తీసుకుపోయి, హౌరా వంతెన ఎందుకు మసకబారిందో తెలియక తన కళ్లనే అనుమానించుకుంటాడని తలచుకుంటే నాకు కోపం వచ్చింది. అదే అడాప్టరు మాట రష్యన్ ఇండస్టార్ 50-2 విషయంలో నిజమే. ఆ మరలా తిప్పి బిగించే లెన్సులకూ పెంటాక్స్‌కూ దూరం ఒకటే. కానీ దాని అపర్చరును, అంటే వెలుగు దూరే కంతను, ప్రతిసారీ చేత్తో మూసుకోవాలి, ఆ మూసినప్పుడు కళ్ల ముందు చీకటి పడుతుంది.

నేను వెతికిన లెన్సు, మెట్లెక్కి వెళితే వచ్చే ఒక ఇరుకు గదిలో దొరికింది. ఆ గదిలో డెబ్బై దాటిన మెకానిక్ దాదా (బెంగాలీలో అన్న) ఒకరు, విప్పిన కెమెరాల మధ్య కూర్చుని ఉన్నారు. ధర 18,000 అన్నారు. నేను బేరం మొదలుపెట్టబోతుంటే చేయి అడ్డుపెట్టి, "ముందు చూడండి, తర్వాత మాట్లాడదాం" అని టార్చి నా చేతికిచ్చారు. వెలుగును సూటిగా కాక ఏటవాలుగా, వెనక గాజు వైపు నుంచి వేయమన్నారు. అపర్చరు పూర్తిగా తెరిచి చూస్తే లోపల పోగులు లేవు, కానీ మధ్య గాజు మీద ఊపిరి తగిలినట్లు సన్నని పొగ ఉంది. అపర్చరును మూసే బ్లేడ్ల మీద నూనె మెరుపు లేదు. వెనకనున్న చిన్న మీటను గోటితో జరిపి వదిలితే అవి టక్కున వెనక్కి వచ్చాయి.

దాన్ని కెమెరాకు తగిలించాక నా ఊహలు ఒక్కొక్కటే సడలిపోయాయి. ఫోకస్ రింగు ఎంత సన్నగా ఉందంటే, నా వేళ్లు దాన్ని వదిలి అపర్చరు రింగు మీదికి జారిపోతున్నాయి. ఎఫ్ 2.8 వెలుగులో కె-1000లో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ మధ్యనున్న, ఫోకస్ చూసుకునే గరుకు వలయం మసకగా ఉండి, ఎదుటి గోడ మీది కేలండరులో అంకెలు ఎక్కడ తేటపడుతున్నాయో తేల్చుకోలేకపోయాను. అన్నిటికన్నా ముఖ్యం, ఈ లెన్సు పెంటాక్స్‌లోనే ఎంఎక్స్, ఎంఇ వంటి చిన్న కెమెరాలకు జతగా పుట్టినది. కె-1000 పాత పెద్ద కొలతలది కనుక, లెన్సు ఎంత పలుచనైనా ఆ కెమెరా జేబులో పట్టదు.

దాదా అడక్కుండానే ఇంకో లెన్సు బల్ల మీద పెట్టారు, పెంటాక్స్-ఎం 50 మిల్లీమీటర్లు, ఎఫ్ 1.7. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. మందం 31 మిల్లీమీటర్లు, బరువు 185 గ్రాములు. ఎదుటి కేలండరు ఒక్కసారిగా వెలుగులోకి వచ్చింది. ఒకటిన్నర స్టాపు (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) తేడా అంటే, దీనితో 1/60 సెకను దగ్గర తీయగల సాయంకాలపు ఫొటోకు ఆ పలుచని లెన్సుతో 1/30కో 1/15కో దిగి, చేయి వణకకుండా ఊపిరి బిగబట్టాలి. ఫోకస్ చేయడానికి ఇది వస్తువుకు 45 సెంటీమీటర్ల దగ్గరికి కూడా వెళుతుంది, అది 60 దగ్గరే ఆగిపోతుంది. దీని ధర 5,000. సన్నదనం కోసం మిల్లీమీటరుకు వెయ్యి రూపాయల చొప్పున ఇవ్వవలసి వచ్చే బేరం అది.

అయినా వెంటనే తీసుకోలేకపోయాను. నెలల కోరికను వదులుకోవడం తేలిక కాదు. ఆ పలుచని లెన్సును మూడుసార్లు తిరిగి చేతిలోకి తీసుకున్నాను. దాదా తొందరపెట్టలేదు, తన స్క్రూడ్రైవరు పని తాను చేసుకున్నారు. చివరికి 4,800 ఇచ్చి 50ని తీసుకున్నప్పుడు, ఆయన ముందు మూత కూడా ఇచ్చి, దాన్ని ఎప్పుడూ పెట్టి ఉంచమన్నారు. కె-1000లో వెలుగును కొలిచే మీటరును ఆపే మీట లేదు. లెన్సు మీద వెలుగు పడుతున్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది, కాబట్టి మూతే దానికి స్విచ్చి. తోలు సంచీ వద్దనీ, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టమనీ చెప్పారు.

మిగిలిన రెండు రోజుల్లో విక్టోరియా మెమోరియల్ మొదలు అందరూ చూసేవన్నీ చూశాను.

ఇంటికి వచ్చిన సాయంత్రం కెమెరాను నాన్నగారి చేతికిచ్చాను. ఆయన మూత తీసి, గాజును కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత అపర్చరు రింగును ఒక్కొక్క మెట్టుగా తిప్పుతూ ఎఫ్ 8 దగ్గర ఆపి, నన్ను వరండాలోకి వెళ్లి నిలబడమన్నారు. ఆ రీలులో ఇంకా 22 ఫ్రేములు మిగిలి ఉన్నాయి.