కొలంబియా వీధిలో ఒక ధనవంతురాలి జాడ

లండన్ తూర్పు భాగంలో కొలంబియా వీధి అని ఒకటుంది. ఆదివారం ఉదయం అక్కడ పూల సంత జరుగుతుంది. ఆ చుట్టుపక్కల కాపురమున్న ఇన్నేళ్ళలో నేను ఆ సంతకు వెళ్ళని ఆదివారాలు తక్కువ. దగ్గరలోనే ఒక నర్సరీ బడి ముందు పాతకాలపు ఇనుప చువ్వల కంచె కనిపిస్తుంది. ఒకప్పుడు రెండు లక్షల పౌండ్లతో కట్టిన కొలంబియా మార్కెట్ అనే మహా భవనంలో నేటికి మిగిలిన కొద్దిపాటి ఆనవాళ్ళలో అదొకటని తెలిసినప్పటి నుంచి, దానిని కట్టించిన ఏంజెలా బర్డెట్-కూట్స్ గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

ఆమె 1814లో పుట్టారు. తండ్రి సర్ ఫ్రాన్సిస్ బర్డెట్ పార్లమెంటులో సంస్కరణల కోసం పోరాడి జైలుకు కూడా వెళ్ళిన నాయకుడు. తల్లి తండ్రి థామస్ కూట్స్ పేరుమోసిన బ్యాంకరు. ఆ తాత వృద్ధాప్యంలో హారియట్ మెలన్ అనే రంగస్థల నటిని పెళ్ళాడి, ఆస్తినంతా ఆమెకే రాసి కన్నుమూశారు. 1837లో ఆ సవతి అమ్మమ్మ చనిపోతూ, బర్డెట్ సంతానంలో అందరికంటే చిన్నదైన ఏంజెలాను వారసురాలిని చేశారు. ఇరవై మూడేళ్ళ అమ్మాయి చేతికి సుమారు పద్దెనిమిది లక్షల పౌండ్ల ఆస్తి వచ్చింది. విదేశీయుణ్ణి పెళ్ళాడితే అది చెయ్యి జారిపోతుందన్న షరతు కూడా దానితోనే వచ్చింది. ఆ ఆస్తి కోసం పెళ్ళి సంబంధాలతో వచ్చినవారికి లెక్కలేదు. అందరినీ తిప్పి పంపి, ఆమె లండన్ పేదపేటల వైపు నడిచారు.

ఆమె చేసిన పనులన్నిటిలో నా మనసుకు బాగా దగ్గరైనది స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళ కోసం చేసినది, ఎందుకంటే మాది చీరాల దగ్గర నేత కుటుంబం. ఆ ప్రాంతంలో మిగిలిన పాత ఇళ్ళలో కొన్నింటికి పై అంతస్తులో గోడ పొడవునా కిటికీలుంటాయి. ఊరి నుంచి వచ్చినప్పుడు వాటిని చూపిస్తే, నేను చెప్పకముందే మా అమ్మ, "మగ్గం ఇక్కడే వేసుంటారు, పోగు తెగితే కనబడాలి కదా" అంది. 1860లో ఫ్రాన్సుతో కుదిరిన వాణిజ్య ఒప్పందం వల్ల ఫ్రెంచి పట్టు సుంకం లేకుండా వచ్చి పడేసరికి, అప్పటికే చితికిపోయి ఉన్న ఆ మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఏంజెలా అక్కడ ఎదిగిన ఆడవాళ్ళ కోసం కుట్టుపని బడి తెరిచారు. పని నేర్పడంతో సరిపెట్టకుండా, వచ్చినవారికి అన్నం పెట్టించారు, కుట్టడానికి పనులు తెప్పించి కూలి ఇప్పించారు. మగ్గం ఆగిన ఇంట్లో అన్నిటికంటే ముందు కావలసింది ఆ పూటకు పొయ్యి వెలగడం. ఆ సంగతి ఎరిగి మొదలుపెట్టిన పని అది.

సాయం కోరుతూ ఆమెకు ఉత్తరాలు కుప్పలుగా వచ్చేవి. వాటిలో నిజమైన కష్టమేదో విచారించి చెప్పినవారిలో నవలా రచయిత చార్లెస్ డికెన్స్ ఒకరు. వీధులలో బతుకు చెడినవారికి, జైళ్ళ నుంచి వచ్చిన యువతులకు 1847లో షెపర్డ్స్ బుష్‌లో యురేనియా కాటేజ్ అనే ఆశ్రయం ఏర్పడినప్పుడు, డబ్బు ఆమెది, రోజువారీ పర్యవేక్షణ చాలావరకు ఆయనది. వంట, కుట్టు, చదువు నేర్పి, కొత్త జీవితం మొదలుపెట్టడానికి ఆస్ట్రేలియా వంటి దేశాలకు ఓడ ఎక్కించేవారు. ఆ అమ్మాయిల బట్టల రంగు మీద ఇద్దరికీ వాదం నడిచింది. ఏంజెలాకు సాదా రంగులే సబబనిపించాయి. రంగూ ఉల్లాసమూ లేకపోతే అక్కడ ఎవరూ నిలవరని డికెన్స్ పట్టుబట్టారు. ఈ విషయంలో నేను డికెన్స్ పక్షమే.

కొలంబియా మార్కెట్‌లో ఆమె సహృదయం పూర్తిగా కనిపిస్తుంది, పొరపాటూ అంతే స్పష్టంగా కనిపిస్తుంది. చెత్తదిబ్బగా మారిన నోవా స్కోషియా గార్డెన్స్ అనే పేటను బాగుచేయించి, ముందుగా పేద కుటుంబాలకు గాలీ వెలుతురూ ఉన్న ఇళ్ళు కట్టించారు. ఆ పక్కనే తోపుడుబండ్ల వ్యాపారులు ఎండావానలకు ఇబ్బంది పడకుండా అమ్ముకోవాలని 1869లో పెద్ద చర్చిని తలపించే మార్కెట్ తెరిచారు. మర్యాదగా, మితంగా మెలగమని గోడల మీద హితవులు చెక్కించారు. వ్యాపారులు లోపలికి రాలేదు. దారిన పోయేవారికి ఎదురుగా, వీధిలోనే అరిచి అమ్మడం వారి బతుకుతెరువు. పెద్ద టోకు వర్తకుల వ్యతిరేకత ఒకవైపు, సరుకు తెచ్చే రైలు మార్గం రాకపోవడం ఇంకొకవైపు ఆ మార్కెట్‌ను కుంగదీశాయి. 1886లో అది మూతపడింది, ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కూల్చివేశారు. బండ్లవాళ్ళను కూర్చోబెట్టి మీకేం కావాలని ముందే అడిగి ఉంటే ఆమె వేరేది కట్టించి ఉండేవారని నా నమ్మకం. అయితే ఆ వ్యాపారులు ఆమెకు దూరం కాలేదు. బండ్లు లాగే గాడిదలకు ఆమె మంచి కొట్టాలు కట్టించారు, బాగా చూసుకున్నవారికి బహుమతులిచ్చారు. వారంతా కలిసి ఆమెకు వెండి గాడిద బొమ్మను కానుకగా ఇచ్చారు.

1871లో విక్టోరియా రాణి ఆమెకు బారనెస్ అనే ప్రభువర్గపు హోదా ఇచ్చారు. మరుసటి ఏడాది లండన్ నగర పౌరసత్వ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమే. 1881లో, అరవై ఆరేళ్ళ వయసులో, అమెరికాలో పుట్టిన ఇరవై తొమ్మిదేళ్ళ తన కార్యదర్శిని పెళ్ళాడారు. రాణికి అది నచ్చలేదు. విదేశీయుణ్ణి పెళ్ళాడకూడదన్న ఆ పాత షరతు వల్ల ఆదాయంలో అయిదింట మూడు వంతులు అక్కకు వదులుకోవలసి వచ్చింది. జీవితమంతా ఇతరుల అవసరాలు చూసిన మనిషి ఒక్కసారి తన మనసు మాట విన్నందుకు నాకు సంతోషమే.

1906 డిసెంబరు 30న ఆమె కన్నుమూశారు. పికడిల్లీలోని ఆమె ఇంట్లో భౌతికకాయాన్ని ఉంచినప్పుడు సుమారు ముప్పై వేల మంది వరుసలో వచ్చి చూసి వెళ్ళారు. తరువాత వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఖననం చేశారు. కొలంబియా వీధిలో ఇప్పటికీ వ్యాపారులు ఆరుబయటే, గొంతెత్తి అరుస్తూ పూలమ్ముతున్నారు.