ముందు ఆఖరి లైన్ చదివి వినిపించు

మా పిన్ని కూతురు అమలాపురంలో డిగ్రీ కంప్యూటర్స్ చదువుతోంది, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్ మొదలైన దగ్గర్నుంచీ రాత్రి తొమ్మిదిన్నర దాటాక నా ఫోన్ మోగిందంటే అది తనే. ముందు వాట్సాప్‌లో ఒక ఫొటో వస్తుంది, ల్యాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్‌తో ఏటవాలుగా తీసింది, మధ్యలో ట్యూబ్‌లైట్ మెరుపు పడి ఎర్రర్ సగం కనబడదు, ఆ వెంటనే ఫోన్, "అక్కా, రావట్లేదు" అని.

మొదట్లో నేను చేసిన పని ఏంటంటే ఫొటో చూసి కోడ్ నేనే టైప్ చేసి సరిచేసి పంపేసేదాన్ని. ఆఫీస్ పని అయ్యి అలసిపోయి ఉంటాం కదా, అయిదు నిమిషాల్లో అయిపోతుంది, తనకీ హాయి నాకూ హాయి. అలా రెండు నెలలు నడిచింది. తర్వాత ల్యాబ్ ఇంటర్నల్స్‌లో వైవా అడిగితే తన రికార్డులో ఉన్న ప్రోగ్రామ్‌లోనే ఒక లైన్ ఏం చేస్తుందో చెప్పలేకపోయింది, ఆ రోజు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. అది తన తప్పు కాదు, ఆ లైన్ రాసింది నేను. సాయం అనుకుని నేను చేసింది సాయం కాదని ఆ రోజే అర్థమైంది.

అప్పట్నుంచి ఒకటే కండిషన్ పెట్టాను, ఫొటో వద్దు, ఎర్రర్‌ని కాపీ చేసి మెసేజ్‌లో పెట్టు, ఫోన్ చేశాక ముందు ఆఖరి లైన్ పైకి చదివి వినిపించు, తర్వాత దాని అర్థం తెలుగులో నువ్వే చెప్పు, తప్పైనా పర్లేదు.

ఎందుకు ఆఖరి లైన్ అంటే, పైథాన్ ట్రేస్‌బ్యాక్ (ప్రోగ్రామ్ ఆగిపోయినప్పుడు వచ్చే పొడవాటి ఎర్రర్ మెసేజ్) పైనుంచి మొదలెట్టి చదివితే ఎవరికైనా భయమేస్తుంది, ఫైల్ ఉన్న చోటు, ఫోల్డర్ పేర్లు, ఎవరో ముందే రాసిపెట్టిన లైబ్రరీ కోడ్‌లో ఎక్కడో నాలుగొందలో లైన్, అన్నీ ఇంగ్లిష్‌లో ఎర్రగా వచ్చి పడతాయి. పిల్లలు అక్కడే ఆగిపోతారు. అసలు జరిగిందేంటో కింద చివర్లో ఉంటుంది, నేమ్ ఎర్రర్ అనో టైప్ ఎర్రర్ అనో పేరు, పక్కనే కారణం. దాని పైనున్న లైన్ నంబర్ ఎక్కడ ఆగిందో చెబుతుంది. కింద మొదలెట్టి పైకి చదువుకుంటూ, మనం రాసిన ఫైల్ పేరు కనబడిన చోట ఆగాలి, అంతే. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి ఇది ఇంకా ముఖ్యం అంటాను, ఎందుకంటే వీళ్లలో చాలామంది కోడ్ అర్థంకాక కాదు, ఆ ఇంగ్లిష్ ముద్ద చూసి "ఇది నాకు రాదు" అనేసుకుంటున్నారు. నిజానికి ఆ ఎర్రర్లలో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు ఓ యాభై ఉంటాయేమో, ఒక నెలలో అలవాటైపోతాయి.

ఎర్రరే రాకపోతే? అది ఇంకా కష్టం. రెండు సబ్జెక్టుల మార్కులు తీసుకుని కూడే ప్రోగ్రామ్ రాసింది, 45 ఇచ్చింది, 50 ఇచ్చింది, జవాబు 4550 వచ్చింది. "అక్కా పైథాన్‌కి కూడికలు రావా?" అని అడిగింది, నిజంగానే అడిగింది. అప్పుడు నేను జవాబు చెప్పలేదు, మార్కులు దాచిన ఆ రెండు వేరియబుల్స్ టైప్ ఏంటో, అంకెలా అక్షరాలా అని, ప్రింట్ చేసి చూడమన్నాను. రెండూ స్ట్రింగ్, అంటే అక్షరాల వరస, అని వచ్చింది. ఇన్‌పుట్ ఫంక్షన్ మనం ఏం కొట్టినా అక్షరాలుగానే ఇస్తుంది, అక్షరాల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికిస్తుంది, లెక్క కావాలంటే ఇంట్‌గా, అంటే పూర్ణసంఖ్యగా, మార్చుకోవాలి. ఈ ముక్క నేను చెప్పినప్పటికంటే టైప్ ప్రింట్ చేసి తన కళ్లతో చూసినప్పుడే దిగింది. ఇప్పుడు ఏ ప్రోగ్రామ్ తేడా కొట్టినా ముందు మధ్యలో ప్రింట్‌లు పెట్టుకుంటోంది.

కాలేజీ ల్యాబ్‌లో పైథాన్ పాతది, ఇంట్లో కొత్తది, దాని వల్ల ఇంకో తిప్పలు. బ్రాకెట్ మూయడం మర్చిపోతే ల్యాబ్‌లో ఆ కింది లైన్‌ని చూపించి ఇన్‌వాలిడ్ సింటాక్స్ (రాసిన తీరు తప్పు) అంటుంది, ఆ కింది లైన్‌లో ఏ తప్పూ ఉండదు, పాపం అరగంట దాన్నే చూస్తూ కూర్చుందట. 2021 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి మాత్రం ఫలానా బ్రాకెట్ అసలు మూయలేదు అని నేరుగా చెబుతుంది. అందుకే పాత వెర్షన్ వాడేవాళ్లకి నేను చెప్పేది, చూపించిన లైన్ బాగానే ఉంటే దాని పై లైన్ చూడండి. అలాగే పీడీఎఫ్ నోట్స్ నుంచి కోడ్ కాపీ చేస్తే అందులో వంకర కొటేషన్లు వచ్చేస్తాయి, పైథాన్‌కి నిటారు కొటేషన్లే కావాలి, చేత్తో మళ్లీ కొట్టుకోవడమే. యూట్యూబ్‌లో పాత వీడియో చూసి ప్రింట్‌కి బ్రాకెట్లు లేకుండా రాస్తే అది పైథాన్ 2, దానికి 2020 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది.

ఎర్రర్ సరిగ్గా చదివినా దారి దొరకని రోజులూ ఉంటాయి, మనిషి అవసరం అక్కడే అనిపిస్తుంది నాకు. నంబర్ కనిపెట్టే ఆట రాస్తూ ఆ ఫైల్‌కి రాండమ్ అనే పేరు పెట్టింది. లోపల రాండమ్ మాడ్యూల్‌ని (పైథాన్‌తోనే వచ్చే, ఏదో ఒక అంకె ఎంచి ఇచ్చే కోడ్) ఇంపోర్ట్ చేస్తే, అంటే తెచ్చుకోమంటే, పైథాన్ ముందు ఆ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అక్కడ తన ఫైలే దొరికింది, దాన్నే తెచ్చుకుంది, అందులో అంకె ఎంచి ఇచ్చే రాండింట్ ఫంక్షన్ లేదు. ఎర్రర్ ఏమో సర్క్యులర్ ఇంపోర్ట్ (ఫైళ్లు ఒకదాన్నొకటి తెచ్చుకోవడం) అయ్యుండొచ్చు అంటుంది. అది చదివి మొదటి సంవత్సరం పిల్లకి ఏం తెలుస్తుంది? ఇలాంటప్పుడు నువ్వే కనుక్కో అని వదిలేయడం నాకు నచ్చదు, ఫైల్ పేరు మార్చు అని చెప్పేశాను, ఎందుకో తర్వాత నిదానంగా బొమ్మ గీసి చూపించాను. 3.13లో అయితే ఫైల్ పేరు మార్చుకోమని ఎర్రరే చెబుతోంది, ఆ మెసేజ్ రాసినవాళ్లకి దణ్ణం పెట్టాలి.

ఏఐ బాట్‌ని అడిగితే సరిపోదా అంటారు. అడగొచ్చు, తనూ అడుగుతోంది. కాకపోతే అది మొత్తం కోడ్ రాసిచ్చేస్తే నేను మొదటి రెండు నెలలు చేసిన పనే అది చేసినట్టు. అందుకని కోడ్ ఇవ్వమని కాకుండా ఈ ఎర్రర్ అర్థం చెప్పు అని అడగమన్నాను.

ఈమధ్య అడిగే ప్రశ్నలు మారాయి, నాకు చాలా సంతోషంగా ఉంది. మార్కులు అని తెలుగులోనే వేరియబుల్ పేరు పెట్టి చూసింది, పనిచేసింది, పైథాన్ 3 దానికి ఒప్పుకుంటుంది. తెలుగు అంకెలతో ౪౫ అని ఇన్‌పుట్ ఇచ్చి ఇంట్‌గా మారిస్తే 45 వచ్చింది, ఇద్దరం ఎగిరి గంతేశాం. అదే ౪౫ని కోడ్‌లో నేరుగా రాస్తే మాత్రం సింటాక్స్ ఎర్రర్.

మొన్న ఆదివారం తన ఊరి పేరు పొడవు కొలిచింది. అమలాపురం అంటే మనకి అయిదు అక్షరాలు, పైథాన్ 8 అంది. ఈసారి ఫోన్ చేసే ముందే ఒక్కొక్కటి విడగొట్టి ప్రింట్ చేసుకుంది, దీర్ఘం వేరుగా, కొమ్ము వేరుగా, సున్నా వేరుగా లెక్కపెడుతోందని తనే పట్టుకుంది. అదే పదాన్ని తిరగేస్తే సున్నా ఒంటరిగా ముందుకొచ్చి నిలబడింది, కొమ్ము వెళ్లి ర మీద, దీర్ఘం వెళ్లి ప మీద పడి ఆ సున్నా వెనక మిగతాది రుపాలమఅ అయింది. "మరి మనలాగా అయిదు అని లెక్కపెట్టించాలంటే ఎలా అక్కా?" అంది. రెజెక్స్ అని విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే లైబ్రరీ ఉంది, అందులో గుణింతంతో కలిపి అక్షరాన్ని ఒకటిగా పట్టుకునే గుర్తు ఉంది, దాంతో అమలాపురానికి అయిదే వస్తుంది. ఒత్తులున్న పదాల సంగతి వచ్చే ఆదివారం ఇద్దరం కూర్చుని చూడాలి, ఈలోగా ఇంట్లోవాళ్ల పేర్లన్నీ ఒక లిస్ట్‌లో పెట్టి ఉంచమన్నాను.