సున్నాను కొలవడం

హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్ ధనావేశం, ఎలక్ట్రాన్ రుణావేశం సరిగ్గా సరిపోతాయని బడిలోనే నేర్చుకుంటాం. ఆ సున్నాను ఎంత నిక్కచ్చిగా కొలిచారన్నది నన్ను చాలాకాలంగా ఆకర్షిస్తున్న విషయం. మామూలు పదార్థంలో మిగులు ఆవేశం ఏమైనా ఉన్నా, అది ఎలక్ట్రాన్ ఆవేశంలో 10²¹వ వంతు స్థాయిని మించదని ప్రయోగాలు తేల్చాయి. మరి యాంటీప్రోటాన్ (ప్రోటాన్‌కు రుణావేశంతో ఉండే ప్రతికణం) చుట్టూ పాజిట్రాన్ (ఎలక్ట్రాన్‌కు ధనావేశంతో ఉండే ప్రతికణం) తిరిగే యాంటీహైడ్రోజన్ మాటేమిటి? ఆవేశాన్ని, కుడిఎడమలను, కాలం దిశను ఒకేసారి తిరగవేసినా భౌతిక నియమాలు మారవని చెప్పే సీపీటీ సౌష్ఠవం ప్రకారం అదీ తటస్థంగానే ఉండాలి. కాదని తేలితే మన సిద్ధాంతాల పునాదే కదులుతుంది.

జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో ఆల్ఫా అనే శాస్త్రవేత్తల బృందం యాంటీహైడ్రోజన్‌ను తొలిసారి బంధించినట్లు 2010లో ప్రకటించింది. ఆవేశం లేనిదాన్ని పట్టి ఉంచేది దాని స్వల్ప అయస్కాంత స్వభావమే కాబట్టి, అర కెల్విన్ (పరమశూన్య ఉష్ణోగ్రతకు అర డిగ్రీ పైన) కంటే వేడిగా ఉన్న పరమాణువు ఆ అయస్కాంత బోనులో నిలవదు. 2014లో ఈ బృందం, విద్యుత్ క్షేత్రం ఉండగా బోను తెరిచినప్పుడు పరమాణువులు గోడలోని మామూలు పదార్థానికి ఎక్కడ తగిలి నశించాయో పరిశీలించి, ఆవేశం ఉంటే కనిపించవలసిన పక్కవాటు లేదని చూపింది.

నాకు అంతకన్నా నచ్చింది 2016 నాటి పద్ధతి. చేటలో బియ్యం చెరిగితే గింజ నిలిచి పొట్టు ఎగిరిపోయినట్లే, బోనులోని విద్యుత్ క్షేత్రాన్ని క్రమం లేకుండా పదే పదే మారుస్తూ పోతే, రవ్వంత ఆవేశం ఉన్న పరమాణువు సైతం ఆ తోపుళ్లకు క్రమంగా శక్తి పుంజుకుని గోడ దాకా వెళ్లిపోతుంది. తోపుళ్లు పెట్టినప్పుడూ పెట్టనప్పుడూ చివరిదాకా మిగిలిన పరమాణువులను, అవి నశించేటప్పుడు వెలువడే కణాల జాడను సిలికాన్ డిటెక్టర్లతో పట్టి, లెక్కించి పోల్చారు. తోపుళ్ల వల్ల తరుగు కనిపించలేదు. ఆవేశం ఉన్నా, అది ఎలక్ట్రాన్ ఆవేశంలో వంద కోట్లలో 0.71 వంతుకు లోపలే ఉండాలని తేలింది. ఇది 2014 నాటి ఫలితం కంటే దాదాపు 20 రెట్లు మెరుగు.

అయినా మామూలు పదార్థంపై సాధించిన నిక్కచ్చితనంతో పోలిస్తే ఇది ఇంకా సుమారు లక్ష కోట్ల రెట్లు వెనుకబడే ఉంది. మామూలు వాయువును సీసాల కొద్దీ తెచ్చుకుని పరీక్షించవచ్చు. యాంటీహైడ్రోజన్‌ను మాత్రం అక్కడికక్కడే తయారుచేసి, బోనులో చిక్కిన కొద్దిపాటి పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవాలి.