వాన మబ్బు, రన్‌వే, చుట్టూ ఇళ్లు

ఆగస్టు 23

మధ్యాహ్నం మూడు దాటేసరికి సింహాచలం కొండ వెనకాల క్యుములోనింబస్, అంటే ఉరుముల వాన తెచ్చే మబ్బు, లేచింది. కాసేపటికి మన విశాఖ నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో దిగబోతున్న డోర్నియర్ విమానం దిగకుండానే పైకి లేచి వెళ్లిపోయింది. కింద నిలబడి చూసేవాళ్లకు గుండె ఝల్లుమంటుంది. కానీ సరైన పని అదే.

ఇదే తేదీన, 1944లో, ఇంగ్లండులోని ఫ్రెకిల్టన్ ఊరి మీద అమెరికా బీ-24 లిబరేటర్ బాంబర్ కూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో 38 మంది చిన్నతరగతి పిల్లలు. యుద్ధకాలమే గానీ ఇందులో శత్రువు చెయ్యి లేదు. పక్కనే ఉన్న వార్టన్ స్థావరంలో మరమ్మతు పూర్తయిన రెండు లిబరేటర్లు ఉదయం పరీక్షకు లేచాయి, ఉరుముల వాన వస్తోందని వెనక్కి పిలిచారు. రెండూ దిగబోయి మానుకున్నాయి. ఒకటి దూరంగా వెళ్లి వేరే చోట క్షేమంగా దిగింది. రెండోది బాగా ఒరిగిపోయి, రెక్క కొస ముందు చెట్టుకు, తర్వాత ఓ కట్టడం మూలకు తగిలింది. మూడు ఇళ్లు, ఓ ఫలహారశాల నేలమట్టమయ్యాయి. మండే పెట్రోలు బడి గది మీద పడింది. విచారణ కచ్చితమైన కారణం తేల్చలేదు. ఉరుముల వాన ఎంత ప్రమాదమో పైలట్లకు గట్టిగా చెప్పాలని మాత్రం సిఫారసు చేసింది.

ఆ మాటకు ఇప్పటికీ విలువ ఉంది. అలాంటి మబ్బులోంచి చల్లగాలి కిందికి విరుచుకుపడి, నేలకు తగిలి నలువైపులా పారుతుంది. దిగే విమానానికి ముందు ఎదురుగాలి తగులుతుంది. వేగం పెరిగినట్టు మీటరు చూపిస్తుంది, పైలట్ ఇంజన్ తగ్గిస్తాడు. చిక్కంతా అక్కడే. కొన్ని సెకన్లలో కిందికి తోసే గాలి, వెంటనే వెనక గాలి. వేగం పడిపోతుంది, ఇంజన్ మళ్లీ పుంజుకోవడానికి సమయం కావాలి. మామూలుగా దిగే వాలు మూడు డిగ్రీలు, అంటే రన్‌వేకి రెండు కిలోమీటర్ల దూరంలో ఎత్తు వంద మీటర్ల పైచిలుకే. మన షీలానగర్, గోపాలపట్నం, ఎన్ఏడీ కొత్తరోడ్డు విమానాశ్రయానికి ఎంత దగ్గరో తెలిసిందే. అందుకే దిగాలా, మళ్లీ పైకి లేవాలా అన్న నిర్ణయం ఇళ్ల మీదికి రాకముందే జరిగిపోవాలి. మబ్బులో వానను, గాలి వేగాన్ని చూపే కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ ఆ పనికి పెద్ద సాయం. 1944లో అలాంటి రాడార్ లేదు.

ఇంకో తేడా ఇంధనం. లిబరేటర్ తాగేది పెట్రోలు, గడ్డకట్టే చలిలోనూ నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఇప్పటి జెట్ ఇంధనం కిరోసిన్ రకం; 38 డిగ్రీలు దాటితే గానీ అంటుకునేంత ఆవిరి రాదు. అలాగని ధీమా పనికిరాదు. ట్యాంకు పగిలి తుంపరగా చిమ్మితే ఏ వేడికైనా మండుతుంది. 2022 అక్టోబరు 17న రష్యాలోని యేస్క్‌లో సుఖోయ్-34 యుద్ధవిమానం టేకాఫ్‌లో ఇంజన్ మంటతో తొమ్మిదంతస్తుల భవనం మీద పడింది. టేకాఫ్ కాబట్టి ట్యాంకులు నిండుగా ఉంటాయి. పైలట్లు సీట్లతో బయటపడ్డారు, చనిపోయింది ఇళ్లలో ఉన్నవాళ్లు.

విమానం ఇళ్ల మీద కూలి మంట లేస్తే బిందెలతో నీళ్లు పోయకూడదు. కిరోసిన్ నీటి మీద తేలి, మంటతోనే వీధి కాలవలో పక్క సందులోకి పారుతుంది. దానికి నురగే మందు. మనుషులు వెళ్లాల్సింది గాలి ఎటు నుంచి వస్తోందో ఆ దిక్కుకు, పల్లం నుంచి మెరకకు. కాలిన కార్బన్ ఫైబర్ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, గుడ్డ కట్టుకుంటే ఆగదు. యుద్ధవిమానంలో పైలట్‌ను బయటికి విసిరే సీటు పేలకుండా మిగిలితే అందులో రాకెట్టు, తూటాలు అలాగే ఉంటాయి. దాని పసుపు నలుపు చారల పిడిని ముట్టుకోవద్దు. శకలాల దగ్గర సెల్ఫీలకు గుమిగూడేవాళ్ల మీద నాకు నిజంగా కోపం, వాళ్ల బైకులే ఫైరింజను దారి మూసేస్తాయి. విమానాశ్రయం ఫైరింజను రన్‌వేపై ఎక్కడికైనా మూడు నిమిషాల్లో చేరాలన్నది నియమం. గోడ దాటి మన సందుల్లోకి వచ్చేసరికి ఆ లెక్క చెల్లదు. 112కి ఫోను చేస్తే వీధి పేరు, ఏ వైపు నుంచి బండి పట్టేంత దారి ఉందో, పొగ ఎటు పోతోందో ముందు చెప్పాలి.