ట్యాబ్ మీద ఎడమ చెయ్యి

మా బడికి నాలుగు ట్యాబ్‌లు వచ్చి మూడు నెలలు బీరువాలోనే పడి ఉన్నాయి. తాళం వేసింది నేనే. మూడు, నాలుగేళ్ల పిల్లలకు మట్టీ, బొమ్మలూ, కథలూ చాలని నా పట్టుదల. చివరికి మా హెడ్ మేడమ్, "ముందు ఈ ఆన్‌లైన్ కోర్సు చెయ్యండి టీచర్, తర్వాత మీరే చెప్పండి వాడాలో వద్దో" అన్నారు. చిన్నపిల్లల బడుల్లో ట్యాబ్‌ల వాడకం మీద ఆరు వారాల కోర్సు. వీడియో పాఠాలు, వారానికో అసైన్‌మెంట్, శనివారం సాయంత్రం లైవ్.

మొదటి వారం నాకు భలే నచ్చింది, నా వాదనకు బలం దొరికింది కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కదలకుండా కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదు. ఎంత తగ్గితే అంత మేలు. మరి ఇంట్లో టీవీ, ఫోన్ చూసేది పోగా బడికి మిగిలేదెంత? లైవ్‌లో ఇదే గట్టిగా అడిగాను. రెండు నిమిషాలు వాదించాక తెలిసింది, మైక్ మ్యూట్‌లో ఉందని. మళ్లీ మొదటినుంచీ చెప్పేసరికి ఆ వేడి సగం చల్లారిపోయింది. "నిమిషాలు తగ్గించండి మేడమ్, మంచిదే. కానీ ఆ కాసేపట్లో పిల్లలు ఏం చేస్తున్నారో కూడా చూడండి" అన్నారు ఆ చెప్పేవారు. మాట దాటేశారనుకున్నాను.

రెండో వారమంతా సెట్టింగ్‌లు. ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ పెడితే పిల్లలు ఆ ఒక్క యాప్ దాటి బయటికి రాలేరు. పనికొచ్చింది. క్విజ్‌లు మాత్రం శుద్ధ దండగ. పాఠం చూడకుండానే ఒకదానిలో పదికి పది తెచ్చుకున్నాను.

అసలు పని మూడో వారంలో పడింది. ఇద్దరు పిల్లలు, ఒక ట్యాబ్, పది నిమిషాలు. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని మనమే ఫోన్‌లో వీడియో తీసుకోవాలి. ముందు శబ్దం ఆపేసి చూడాలి, తర్వాత శబ్దంతో.

శబ్దం లేకుండా చూస్తుంటే ఒక పాప కనిపించింది. బొమ్మను లాగి బుట్టలో వెయ్యాలి. కుడి చేతి వేలితో సరిగ్గానే లాగుతోంది, బొమ్మ కదలడం లేదు. మళ్లీ లాగింది. ఇంకా గట్టిగా నొక్కింది. చివరికి నా మొహంలోకి చూసింది. ఆ రోజు పక్కనే కూర్చుని కూడా, ఈ పిల్లకు ఇంకా రాదులే అనుకున్నాను. వీడియో మూడోసారి చూస్తే దొరికింది: ఎడమ అరచెయ్యి తెర అంచు మీద ఆనించి ఉంది. టచ్ తెరకు గట్టిగా నొక్కడంతో పనిలేదు, చర్మం తాకితే చాలు. ఆ అరచేతిని కూడా అది ఒక స్పర్శగానే లెక్కేసుకుని గందరగోళపడుతోంది. మర్నాడు ట్యాబ్‌ను కాస్త వాలుగా నిలబెట్టి, ఎడమ చేతికి ఒక దిండు ఇచ్చాను. మొదటిసారే బొమ్మ బుట్టలో పడింది.

ఇక శబ్దంతో చూడటం పెద్ద శిక్ష. నా మాటలు కాగితం మీద గీతలు పెట్టి లెక్కేశాను. "ఆగమ్మా", "అది కాదు, ఇది నొక్కు", "వాడికివ్వు", ఇలాంటివి పద్నాలుగు. పిల్లలను ఆలోచింపజేసే ప్రశ్నలు రెండు, అందులో ఒకదానికి జవాబు కూడా నేనే చెప్పేశాను. పదేళ్లుగా ట్రైనింగుల్లో ప్రశ్నలు అడగడం గురించి మాట్లాడుతున్న మనిషిని! ఆ వీడియో అప్‌లోడ్ కాక రెండు రాత్రులు సతాయించింది, ఫైలు సైజు ఎక్కువని. పోనీ కాకపోతేనే బాగుండు అనిపించింది కూడా.

నాలుగో వారంలో, అమెరికాలో చిన్నపిల్లల చదువు కోసం పనిచేసే ఎన్ఏఈవైసీ, ఫ్రెడ్ రోజర్స్ సెంటర్ అనే రెండు సంస్థలు కలిసి 2012లో విడుదల చేసిన పత్రం చదివించారు. ఊరికే చూస్తూ కూర్చునే వీడియోలు ఆటకూ, పెద్దవాళ్లతో మాటామంతీకీ బదులు కాకూడదని అందులో ఉంది. అసైన్‌మెంట్ కూడా దానికి తగ్గట్టే ఇచ్చారు: ఏ ఆటల యాప్ తెరవకుండా కెమెరా ఒక్కటే పిల్లల చేతికివ్వాలి.

ఇచ్చాను. సగం ఫోటోల్లో బొటనవేళ్లే. చెక్కముక్కలతో బురుజు కట్టిన బాబు, సర్దేసే వేళ రోజూ ఏడ్చేవాడు. ఆ రోజు బురుజుకు ఫోటో తీసుకుని, వాడే చెయ్యి ఊపి కూల్చేశాడు. మర్నాడు ఆ ఫోటో చూపించి, "ఇక్కడ కిటికీ మర్చిపోయా" అని మళ్లీ మొదలెట్టాడు.

"నీకు బడిలో ఏం కనిపిస్తుందో తియ్యి" అని ఆ ఎడమ అరచెయ్యి ఆనించిన పాపకు ఇస్తే ఏడు ఫోటోలు తెచ్చింది. బల్ల అడుగుభాగం, నా గడ్డం, ఎవరివో కాళ్లు. ఒకదానిలో నేను రెండు రాత్రులు కూర్చుని రంగులేసిన అక్షరాల చార్టు. కింద నుంచి తీసిన ఆ ఫోటోలో అక్షరం ఒక్కటీ లేదు, ప్లాస్టిక్ కవరు మీద ట్యూబ్‌లైటు మెరుపే. నేను మోకాళ్ల మీద కూర్చుని తలెత్తి చూశాను. నిజమే, ఏమీ కనబడటం లేదు.

చార్టును పిల్లల కళ్లెత్తుకు దించి, కవరు పీకేశాను. ఇప్పుడు ఒక ట్యాబ్ బయట ఉంటుంది, కెమెరా కోసం. మిగతా మూడూ బీరువాలోనే.