ఓజార్క్ కొండల్లో టర్కీ పుంజు కోసం అయిదు పొద్దులు

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు సెయింట్ లూయిస్ నుంచి 44వ నంబరు హైవే మీద నైరుతిగా వంద మైళ్ళ పైచిలుకు వెళ్తే రాలా వస్తుంది. అక్కడ 63వ నంబరు రోడ్డు పట్టుకుని దక్షిణానికి తిరిగితే కొండలు మొదలవుతాయి. లిక్కింగ్ అనే చిన్న ఊరి దగ్గర బస చేసి, చుట్టూ ఉన్న మార్క్ ట్వెయిన్ నేషనల్ ఫారెస్ట్‌లో టర్కీ అనే పెద్ద అడవిపక్షి వేటకు అయిదు రోజులు తిరిగాం. 15 లక్షల ఎకరాల అడవి అంటారు గానీ అది ఒక్క ముద్దగా ఉండదు. మధ్యమధ్యలో ప్రైవేటు పొలాలు చొచ్చుకొచ్చి ఉంటాయి. ఫోన్‌లో హద్దులు చూపించే మ్యాపును సిగ్నల్ ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోవాలి. లోయలోకి దిగాక సిగ్నల్ ఉండదు, కంచె దాటామో లేదో చీకట్లో తెలియదు.

మిస్సోరీలో వసంతకాలపు టర్కీ వేట ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు సాగుతుంది. 2025లో అది ఏప్రిల్ 21. ఒక మనిషికి సీజను మొత్తం మీద రెండు పక్షులు, మొదటి వారంలో ఒక్కటే. అదీ రొమ్ము మీద గడ్డంలాంటి కుచ్చు వేలాడుతూ కనిపించే పక్షే. ప్రభుత్వ అడవిలో పొద్దు పొడవడానికి అరగంట ముందు మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపేయాలి. తూటాలో గుళ్ళు నాలుగో నంబరుకన్నా పెద్దవి ఉండకూడదు (నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది). గింజలు చల్లి రప్పించకూడదు, రికార్డు చేసిన కూతలు వినిపించకూడదు.

మనవాళ్ళు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత పుట్టి పెరిగినవాళ్ళకు వేట అలవాటు లేదు, తుపాకీ పట్టుకున్న అనుభవం అంతకన్నా లేదు. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేస్తేనే మామూలుగా తుపాకీ వేట పర్మిట్ దొరుకుతుంది. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మాత్రం అందులో మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. గ్రీన్‌కార్డు ఉంటే ఈ చిక్కు లేదు.

ఈ వేటలో కష్టమంతా ఎక్కడుందో మొదటిరోజు తెల్లారేసరికే అర్థమైపోతుంది. ప్రకృతిలో పుంజు ఎక్కడుంటే అక్కడికి పెట్టే వెళ్తుంది. పుంజు కూస్తుంది, తోక విప్పి నిలబడుతుంది, పెట్ట నడిచి వస్తుంది. మనం పెట్టలా పిలిచి పుంజునే రమ్మంటున్నాం, అంటే దాని పద్ధతికి తలకిందులైన పని అడుగుతున్నాం. అది ఎందుకు రాదో, వచ్చింది 70 గజాల దూరంలోనే ఎందుకు ఆగిపోతుందో, ఎక్కువ పిలిస్తే ఎందుకు చెట్టు దిగదో, అన్నిటికీ మూలం ఇదే.

ఒంటిగంటకు వేట ఆగిపోతుంది కాబట్టి మధ్యాహ్నాలన్నీ ఆనవాళ్ళు వెతకడానికే పెట్టుకున్నాం. ఓక్ చెట్ల కింద ఎండుటాకులు ఒకవైపుకు తోసేసి, నేల నల్లగా కనిపిస్తుంటే అక్కడ టర్కీలు మేసినట్టు. మట్టి తడిగా ఉంటే గోకుడు తాజాది, ఆరిపోయి మీద కొత్త ఆకులు రాలి ఉంటే పాతది. రెట్టను చూసి కూడా చెప్పొచ్చు. పొడవుగా ఉండి చివర కొక్కెంలా వంగితే పుంజుది, చిన్న కుప్పలా చుట్టుకుని ఉంటే పెట్టది. రాలిన రొమ్ము ఈక అంచు నల్లగా ఉంటే పుంజు, లేత గోధుమరంగులో ఉంటే పెట్ట. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు అడవి దారి దుమ్ములో కనిపిస్తుంది. నాలుగంగుళాలు మించిన అడుగుజాడలు, వాటికి అటూ ఇటూ సన్నటి గీతలు. పుంజు తోక విప్పి రెక్కల చివర్లు నేలకు రాస్తూ నడిచినప్పుడు పడే గీతలవి. అలాంటి దారి దొరికితే ఆ చోటు వదలకూడదు.

సాయంత్రం తుపాకీ కారులోనే వదిలేసి గుట్ట మీద నిలబడి వినాలి. టర్కీలు రాత్రి చెట్టెక్కి పడుకుంటాయి. పొద్దు వాలే వేళకు దబదబమని బరువైన రెక్కల చప్పుడు, కొమ్మలు విరుగుతున్నట్టు శబ్దం వస్తాయి. అప్పుడు గుడ్లగూబలా ఒకసారి కూస్తే, ఉలిక్కిపడ్డట్టు పుంజు తిరిగి కూస్తుంది. అది ఇష్టంతో ఇచ్చే జవాబు కాదు, పెద్ద శబ్దానికి ఆపుకోలేక కూసేస్తుంది. పగలైతే కాకి అరుపు పనికొస్తుంది. ఇలా వెతికేటప్పుడు పెట్ట గొంతు వాడకూడదు. మనం కూర్చోడానికి సిద్ధంగా లేని చోట పుంజు ఎదురొస్తే ఆ రోజంతా పాడవుతుంది.

ఆ వారంలో లిక్కింగ్ దగ్గర పొద్దు ఆరూ ఇరవై ప్రాంతంలో పొడుస్తోంది. అంటే అయిదింటికల్లా చెట్టు కింద కూర్చుని ఉండాలి, నాలుగింటికి నడక మొదలవ్వాలి. విప్పూర్‌విల్ అనే రాత్రిపిట్ట ఆగకుండా అరుస్తుంటుంది. చీకట్లో డాగ్‌వుడ్ పూలు మాత్రం తెల్లగా తేలుతుంటాయి. పుంజు పడుకున్న చెట్టుకు 100 నుంచి 150 గజాల దూరం చాలు. ఏప్రిల్‌లో ఆకు ఇంకా పూర్తిగా తొడగదు, అంతకన్నా దగ్గరికి వెళ్తే కొమ్మ మీంచి మనల్ని చూసేస్తుంది. దానితో సమానమైన ఎత్తులోగానీ కాస్త పైనగానీ కూర్చోవాలి. మనకూ దానికీ మధ్య వాగు, కంచె, లోతైన గండి ఉండకూడదు. ఎగిరి దాటగలిగే పక్షే అయినా నడిచి వస్తున్నప్పుడు అడ్డం వస్తే అక్కడే ఆగిపోతుంది.

ఆనుకుని కూర్చునే చెట్టు మన భుజాలకన్నా వెడల్పుగా, తలకన్నా ఎత్తుగా ఉండాలి. ఇది సౌకర్యం కోసమే అనుకుంటే పొరపాటు. వెనకనుంచి మరో వేటగాడు టర్కీ అనుకుని కాలిస్తే కాపాడేది ఆ మానే. అదే కారణంగా ఎరుపు, తెలుపు, నీలం రంగులేవీ ఒంటి మీద ఉండకూడదు, సాక్సులూ చేతిరుమాలూ సహా. పుంజు తల సరిగ్గా ఆ రంగుల్లోనే ఉంటుంది. అవతల ఎవరైనా వస్తుంటే చెయ్యి ఊపకూడదు, పెట్టలా కూయకూడదు. మనిషి గొంతుతో గట్టిగా పిలవాలి. కూత వినిపించిన వైపు పాకుతూ వెళ్ళకూడదు, ఆ కూత మరో వేటగాడిది కావచ్చు. తోక ఈకల విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకుని పుంజు మీదికి పాకే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. ప్రభుత్వ అడవిలో అది ప్రాణాంతకం. ఎవరు చెప్పినా చేయొద్దు.

కుడిచేతివాటం వాళ్ళు ఎడమ భుజం పుంజు వచ్చే వైపుకు పెట్టి, తుపాకీని మోకాలి మీద ఆనించి కూర్చోవాలి. అలా కూర్చుంటే తుపాకీ ఎక్కువ మేర తిరుగుతుంది. టర్కీకి రంగులు బాగా తెలుస్తాయి, తల కాస్త తిప్పితే చుట్టూ కనిపిస్తుంది. ముఖానికి వల, చేతులకు తొడుగులు ఉన్నా కదలికను మాత్రం ఏదీ దాచలేదు. కూర్చున్న వెంటనే 30, 40 గజాల దూరంలో ఒక్కో చెట్టు గుర్తుపెట్టుకోవాలి. తెల్లవారుజామున అడవిలో దూరాలు దగ్గరగా అనిపిస్తాయి.

పిలిచే సాధనాలు మూడు తీసుకెళ్ళాం. బాక్స్ కాల్ అంటే దేవదారులాంటి చెక్కతో చేసిన చిన్న పెట్టె, మీద తెడ్డులాంటి మూత. మూత అంచు పెట్టె గోడ మీద రాస్తే పెట్ట గొంతు వస్తుంది. రాసే చోట సుద్ద పట్టించాలి, నూనె లేని సుద్దే పట్టించాలి. అక్కడ ఒక్కసారి వేలు తగిలినా చెమట అంటి గొంతు జారిపోతుంది. నడుస్తుంటే మూత తనంతట తానే కీచుమనకుండా మధ్యలో గుడ్డముక్క పెట్టి రబ్బరుబ్యాండు వేయాలి. రెండోది స్లేట్ పలక, దాని మీద కర్రపుల్లతో చిన్న చిన్న గుండ్రాలు గీయాలి. పలక నున్నబడితే గరుకు కాగితంతో ఒకే దిశలో రుద్దాలి. వాన పడితే ఈ రెండూ మూగబోతాయి. మూడోది నోట్లో అంగిలికి ఆనించి పెట్టుకునే డయాఫ్రమ్, గుర్రపునాడా ఆకారపు చట్రంలో బిగించిన రబ్బరుపొర. నేర్చుకోడానికి వారాలు పడుతుంది గానీ చేతులు కదలవు, వానకు భయం లేదు. పుంజు 50 గజాల లోపలికి వచ్చాక ఇదొక్కటే పనికొస్తుంది.

ఎంత పిలవాలి అన్నదాని మీదే ఎక్కువమంది తప్పు చేస్తారు. అది చెట్టు మీద ఉండగా నిద్రమత్తు గొంతుతో రెండు మూడు మెత్తటి కూతలు చాలు. జవాబు వచ్చిందా, ఇక నోరు మూయాలి. పిలుస్తూనే ఉంటే పెట్ట తన కిందికే వస్తుందని నమ్మి కొమ్మ దిగదు. ఇంతలో నిజమైన పెట్టలు వచ్చి దాన్ని వెంట తీసుకుపోతాయి. రెండోరోజు సరిగ్గా ఇలాగే జరిగింది. మెత్తగా పిలిచి ఆపాల్సిన చోట కూతకు కూత ఇచ్చాం. ముప్పావుగంట కొమ్మ మీద కూసిన పుంజు, దిగాక అయిదు పెట్టలతో అవతలి గట్టు ఎక్కిపోయింది.

పెట్టలు వెంట ఉన్న పుంజు కోసం తెల్లవారుజామునే పరుగులు పెట్టడం దండగ. పెట్ట రోజుకో గుడ్డు చొప్పున పది, పన్నెండు పెడుతుంది, ఆ తర్వాత 28 రోజులు పొదుగుతుంది. పొద్దెక్కాక గూటికి జారుకుంటుంది. తొమ్మిదీ పదకొండు మధ్య పుంజు ఒంటరిగా మిగులుతుంది, అప్పుడు ఒక్క పిలుపుకు తిరిగొస్తుంది. పొద్దున్న అది ఎటు వెళ్ళిందో చూసుకుని, ఎనిమిదింటికే కారెక్కకుండా అక్కడే ఆగడం ఈ సీజనులో మాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన పని. కూసిన పుంజు ఉన్నట్టుండి మౌనమైపోతే వెళ్ళిపోయిందనుకుని లేవకూడదు. మౌనంగా నడిచి వస్తుండొచ్చు. గడియారం చూసి నలభై నిమిషాలు కదలకుండా ఉండాలి.

నాలుగోరోజు తొమ్మిదిన్నరకు అలాగే వచ్చింది. మొదట వినిపించింది కూత కాదు. ఉఫ్ అని ఊదినట్టు ఒక చప్పుడు, వెంటనే దూరంగా లారీ ఇంజను అదిరినట్టు ఒక గుమ్మనడం, చెవికన్నా ముందు రొమ్ముకు తెలుస్తుంది. ఎండుటాకుల మీద రెక్కలు గీసుకుంటున్న సవ్వడి. తర్వాత మోడు వెనకనుంచి విసనకర్ర కనిపించింది, అంచు ఈకలన్నీ ఒకే పొడవు. నడిమి ఈకలు మాత్రమే పొడవుంటే అది జేక్, ఏడాది పుంజు. చట్టం ఒప్పుకున్నా దాన్ని వదిలేయడమే మంచిదని మా అభిప్రాయం, వచ్చే ఏడు కూసేది అదే. దీని నెత్తి తెల్లగా సుద్దలా, చెంపలు నీలంగా, మెడ ఎర్రగా ఉన్నాయి. ముక్కు మీది కండ ముక్కు దాటి కిందికి వేలాడుతోంది.

తోక విప్పి మెడ ముడుచుకున్నప్పుడు కాల్చకూడదు. తలా మెడా ఈకల్లో కలిసిపోయి ఉంటాయి, గుళ్ళు రొమ్ములోకి పోతాయి, గాయపడి పారిపోతుంది. చిన్నగా ఒక్క 'టక్' అంటే తోక ముడిచి మెడ నిటారుగా ఎత్తుతుంది. ఈకలు మొదలయ్యే చోట, మెడ మొదట్లో గురిపెట్టాలి. తుపాకీ పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట తీయడం అప్పుడే, వెనకేముందో చూసుకున్నాకే. చెంప తుపాకీ మడమకు ఆనే ఉండాలి. పక్షిని సరిగ్గా చూద్దామని తల ఎత్తితే గుళ్ళు దాని నెత్తి మీదుగా పోతాయి. ఎక్కువ గురులు తప్పేది ఇందుకే.

దూరం సంగతి ఇంటి దగ్గరే తేల్చుకుని రావాలి. గుళ్ళు చెదరకుండా తుపాకీ మూతిని ఇరుకుచేసే ఫుల్ చోక్ బిగించి, వేటకు వాడే తూటానే 40 గజాల నుంచి కాగితం మీద కాల్చి, పదంగుళాల వలయంలో ఎన్ని గుళ్ళు పడ్డాయో లెక్కపెట్టాలి. వంద పడితే ఆ దూరం సరే. పడకపోతే దగ్గరికి జరగాలి. టంగ్‌స్టన్ గుళ్ళు సీసంకన్నా బరువైనవి, అందుకే తొమ్మిదో నంబరంత చిన్న గుళ్ళు కూడా బాగా దిగుతాయి. కానీ ఒక్కో తూటా పది డాలర్ల పైమాటే. ఆ ధర చూసి 60 గజాలకు ఆశపడకూడదు.

పడిన పక్షి దగ్గరికి సేఫ్టీ వేసుకునే వెళ్ళాలి. కాలి వెనక ముల్లు అంగుళం దాకా ఉంటుంది, కొట్టుకుంటుంటే చెయ్యి చీరేస్తుంది. అక్కడే పర్మిట్ మీద గుర్తు వేయాలి, రాత్రి పదింటిలోగా టెలిచెక్ అనే రాష్ట్ర నమోదు వ్యవస్థలో నమోదు చేయాలి. భుజాన మోసుకొచ్చేటప్పుడు ఆరెంజ్ గుడ్డ చుట్టడం తప్పనిసరి అనుకోండి.

ఇంత చెప్పి పిడుదుల మాట చెప్పకపోతే నేరమవుతుంది. ఓజార్క్ అడవిలో లోన్‌స్టార్ పిడుదు విపరీతం, ఎదిగిన ఆడదాని వీపు మీద తెల్లచుక్క ఉంటుంది. అది కుడితే కొందరికి ఆల్ఫా-గాల్ అనే ఎలర్జీ వస్తుంది. మేకమాంసం, గొర్రెమాంసం తిన్న కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి అర్ధరాత్రి, దద్దుర్లు, కడుపునొప్పి, ఊపిరాడకపోవడం. కొందరికి పాలు కూడా పడవు. కోడి, చేపలకు ఇబ్బంది లేదు. బయల్దేరే ముందే బట్టలకు, బూట్లకు పర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి పూర్తిగా ఆరనివ్వాలి, ఒంటికి అది రాయకూడదు. తడిగా ఉన్నప్పుడు ఇంట్లో పిల్లిని దగ్గరికి రానివ్వకూడదు. చర్మానికి డీట్ అనే, పురుగుల్ని దూరంగా ఉంచే మందు. ప్యాంటు సాక్సుల్లో దోపుకోవాలి, రాత్రి బసకు చేరగానే ఒళ్ళంతా వెతుక్కోవాలి.

మిస్సోరీలో వేటాడి వేటాడి టర్కీలు దాదాపు అంతరించిపోయిన కాలం ఉంది. ఫారాల్లో పెంచి వదిలినవి బతకలేదు. అడవిలో మిగిలినవాటినే వలలేసి పట్టి కొత్త చోట్లకు చేర్చాక 1960లో మళ్ళీ వసంతం వేట తెరిచారు. ఆ లెక్కన రెండు పక్షుల పరిమితి చిన్నదేమీ కాదు.

గొంతు కింద మేత సంచి కోస్తే నిరుటి ఓక్ కాయల పప్పు, లేత ఆకులు, పురుగులు దొరికాయి. ఆ సంచిని పగలకుండా ముందే తీసేస్తే మాంసం శుభ్రంగా ఉంటుంది. రొమ్ములో కొవ్వుండదు కాబట్టి పోగుకు అడ్డంగా కోసి, పెరుగూ అల్లంవెల్లుల్లిలో నానబెట్టి, త్వరగా వేపి దించాలి. లోపల 74 డిగ్రీలు చేరితే చాలు, ఆపైన పీచవుతుంది. ఒక్కో ముక్కనూ వేళ్ళతో నొక్కి గుళ్ళేమైనా ఉన్నాయేమో చూడాలి. కాళ్ళు చాలామంది ఇక్కడ పారేస్తారు. నాటుకోడి వండినట్టు కుక్కర్‌లో సన్నమంట మీద నలభై నిమిషాలు ఉంచితే అవే రుచి. మూత తీశాక మోకాలి కింది కండలో కొబ్బరి ఈనెల్లా గట్టిపడిన నరాలు తేలతాయి. వాటిని ఒక్కొక్కటే లాగేసి, ఆ తర్వాత కూరలో కలపాలి.